ఒక్క సొరుగు... దానికో తాళం

మీ ఇంట్లో మొత్తం ఎన్ని సొరుగులున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వంటింట్లో చెంచాలకొకటి, గరిటెలకొకటి, మిగిలిపోయిన మసాలా పొట్లాలకొకటి. హాల్లో టీవీ కింద రెండు. మంచానికి అటూ ఇటూ చెరొకటి. డ్రెస్సింగ్ టేబుల్‌కి ఒకటి, పిల్లల చదువుబల్లకి మూడు. కొత్త ఫ్లాటయితే ఇరవై దాటినా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. వాటిలో మీది ఏది? మీరు సర్దేది, మీరు తుడిచేది కాదు నేనడిగేది. మీరు తప్ప ఇంకెవరూ తెరవనిది. తెరవాలంటే మిమ్మల్ని అడిగి తీరాల్సినది.

తెలిసినవాళ్లని చాలామందినే అడిగాను. "మా ఇంట్లో దాపరికాలేం లేవండీ" అన్నారు కొందరు, కాస్త గర్వంగానే. "బీరువాలో సీక్రెట్ ఉందిగా" అన్నారు ఇంకొందరు. ఆ సీక్రెట్ తాళంచెవి ఎక్కడుంటుందమ్మా అంటే, పట్టుచీరల కింద పరిచిన పేపరు అడుగున. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, పండక్కి వచ్చే ఆడపడుచుకి కూడా తెలుసు. ఒకావిడ మాత్రం కాసేపు ఆలోచించి, "నాది పోపుల డబ్బా" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

పోపుల డబ్బా, బియ్యం డ్రమ్ము అడుగు, కందిపప్పు డబ్బా, పాత చీర మడత. మన ఆడవాళ్ల బ్యాంకులివి. ఇంటిఖర్చులో మిగిల్చిన వందా, పుట్టింటివాళ్లు వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టిన ఐదొందలూ వీటిల్లోకే చేరతాయి. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు చెల్లవని ప్రకటించాక ఏం జరిగిందో గుర్తుందిగా? ఎన్నో ఏళ్లుగా ఎవరికీ తెలియకుండా దాచుకున్న డబ్బు ఒక్కసారిగా బయటపడింది. తెచ్చి మొగుడి చేతిలో పెట్టక తప్పలేదు. "అమ్మో, మా ఆవిడ దగ్గర ఇంతుందా" అని మగవాళ్లు జోకులేసుకున్నారు. ఆ డబ్బు మళ్లీ ఎంతమంది ఆడవాళ్ల చేతికి తిరిగొచ్చిందన్నది మాత్రం ఎవరూ అడగలేదు. దాచుకునే చోటు లేనివాళ్లే కదా పప్పుడబ్బాలో దాచుకునేది!

"పూర్వం ఆడవాళ్ల నడుముకే తాళాల గుత్తి ఉండేది, పెత్తనమంతా వాళ్లదే" అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. భోషాణం పెట్టె తాళాలూ, కొట్టుగది తాళాలూ అత్తగారి కొంగున గలగల్లాడిన మాట నిజమే. ఆ చప్పుడు వింటే కోడళ్లు సర్దుకుని నించున్న మాటా నిజమే. కానీ ఆ భోషాణంలో ఏముండేవి? ఇంటి వెండి, ఇంటి దస్తావేజులు, ఇంటి బంగారం. కొట్టులో బియ్యం, బెల్లం, నెయ్యి. ఆవిడ వాటికి కాపలాదారు. తాళాలు ఆవిడ దగ్గరున్నాయి గానీ ఆ పెట్టెలో ఆవిడదంటూ ఏముంది? కాపలాకీ సొంతానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది.

ఇంకో విచిత్రం చూడండి. ఇవాళ ఇంట్లో అందరి ఫోన్లకీ తాళమే. పదో తరగతి పిల్లాడి ఫోనుకి వేలిముద్ర, వాళ్ల నాన్న ఫోనుకి మొహం చూపిస్తే తెరుచుకునే తాళం. "వాడి ప్రైవసీ వాడిది" అని తల్లే అంటుంది. అదే తల్లి ఒక సొరుగుకి తాళం వేసుకుంటే? "ఏం దాచావేంటి అందులో?" అని ముందు అడిగేది ఆ పిల్లాడే. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. తీర్పు సొరుగుల దాకా రావడానికి ఎన్నాళ్లు పడుతుందో!

వర్జీనియా ఉల్ఫ్ 1929లో ఓ పుస్తకం రాసింది. ఆడది రాయాలంటే ఏడాదికి అయిదు వందల పౌండ్ల రాబడీ, తాళం పడే గదీ ఉండాలంది. పౌండ్ల సంగతి సరే, రెండు బెడ్‌రూముల ఫ్లాట్లో మనకి గదెక్కడిది? ఒక గదిలో పిల్లలు, ఒక గదిలో అత్తమామలు, హాల్లో మేము. అందుకే నేను గదినుంచి సొరుక్కి దిగొచ్చాను. సగం రాసిన కథ బయట పడుంటే ఎంత చిక్కో కథలు రాసేవాళ్లకే తెలుస్తుంది. "ఇందులో ఈ మొగుడు నేనేనా?" అని మావారు కాఫీ తాగుతూ అడిగితే ఆ కథ ఇంక ముందుకి కదలదు. ఆయన మంచివారే, సరదాకే అడుగుతారు. కథకి మాత్రం ఆ సరదా తెలీదు.

సరే, తాళం పెట్టించాలి అనుకున్నారు. ఏ తాళం? ఇక్కడే మనవాళ్లు వెనకబడిపోతారు. చీర కొనడానికి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా షాపు షాపూ ఎక్కి దిగి, అంచు చూసి, పోగు చూసి కొంటాం. తాళం దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి పెట్టెయ్ బాబూ" అనేస్తాం. ఇంటీరియర్ వాళ్లు రంగుల గురించి మనతో మాట్లాడతారు, తాళాలూ కీళ్లూ అనగానే "సార్‌ని అడుగుతాం మేడం" అంటారు. అడగనివ్వకండి.

ఎక్కువగా సొరుగులకి పెట్టేది కామ్ లాక్. చెవి పావు తిప్పు తిప్పితే వెనకాల చిన్న ఇనపనాలుక పక్కకి తిరిగి చట్రం వెనక పడుతుంది. లోపల పల్చటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, వాటిని నెడుతూ స్ప్రింగులుంటాయి. చెవి లేనప్పుడు ఆ రేకులు బయటికి పొడుచుకొచ్చి గొట్టాన్ని తిరగనివ్వవు. సరైన చెవి పెడితే దాని పళ్ల ఎత్తుపల్లాలు రేకులన్నిటినీ ఒక్క మట్టానికి తెస్తాయి, గొట్టం తిరుగుతుంది. ఇదంతా బాగానే ఉంది. కానీ చవక రకాల్లో ఆ రేకులు మూడో నాలుగో ఉంటాయి, వాటి ఎత్తులు కూడా కొన్నే. కాబట్టి తయారయ్యే చెవుల రకాలూ కొన్నే. పక్క ఫ్లాటు వాళ్ల టేబులు తాళంచెవితో మీ సొరుగు తెరుచుకుంటే అది దెయ్యాల పని కాదు. చాలా తాళాల మొహం మీదో, చెవి మీదో మూడు నాలుగంకెల నంబరు ఉంటుంది. అదే నంబరు చెవి ఇంకోటి తెప్పించొచ్చు. మీరు తెప్పించుకోవచ్చు, ఇంకెవరైనా కూడా తెప్పించుకోవచ్చు. నంబరు రాసి పెట్టుకోండి గానీ, దాన్ని ఆ సొరుగు మీదే అంటించి ఉంచకండి.

దానికంటే మెరుగైనది పిన్నుల తాళం. 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి అది. పిన్నులు పైకి లేచి ఒకే గీత మీదికొస్తేనే లోపలి గొట్టం తిరుగుతుంది. సూత్రం మాత్రం ఆయనది కాదు, ప్రాచీన ఈజిప్టు చెక్కతాళాల్లోనే ఉంది. మన దేశంలో అర్దేషిర్ గోద్రెజ్ 1897లో మొదలుపెట్టింది కూడా తాళాల వ్యాపారమే, బీరువాలు ఆ తర్వాత 1923లో వచ్చాయి. మనం మాత్రం బీరువాని కట్నంగా అడిగే వస్తువు చేశాం, తాళాన్ని మరిచిపోయాం.

తాళం ఎంత మంచిదైనా అది పట్టుకునేది చెక్కని. ప్లైవుడ్ కాకుండా పొట్టు అతికించి చేసిన బోర్డయితే, రెండు చిన్న స్క్రూలతో బిగించిన తాళాన్ని గట్టిగా లాగితే స్క్రూలతో సహా ఊడొస్తుంది. గొట్టానికి కన్నం కాస్త పెద్దదిగా కొట్టేస్తే తాళమే గిర్రున తిరుగుతుంది. ఇంకో రకంలో ఇనపనాలుక పైకి లేచి పైనున్న పట్టీలో కన్నంలోకి దూరుతుంది. ఇది గట్టిది. అయితే పైన పట్టీ అంటూ ఉండాలి కదా! ఈ మధ్య అల్మారాల్లో సొరుగు మీద సొరుగు పెట్టేస్తున్నారు, నడిమధ్య చెక్కే ఉండదు. నాలుక గాలిలోకి లేచి నిలబడుతుంది. అంతకంటే పెద్ద తమాషా ఏంటంటే, మీ సొరుక్కి తాళముంటుంది, దాని పై సొరుక్కి ఉండదు. పైదాన్ని పూర్తిగా లాగి బయటికి తీస్తే మీ సొరుగులోకి చెయ్యి సునాయాసంగా వెళ్తుంది! 'తాళం వేసితిని, గొళ్లెం మరచితిని' అన్నది ఇలాంటి వాటికే పుట్టి ఉంటుంది. రెండు సొరుగుల మధ్య ఓ పల్చటి చెక్క వెయ్యమని చెప్పండి. వెయ్యరు. నించుని వేయించుకోండి. లేదా అన్నిటికంటే పై సొరుగే మీది చేసుకోండి, పైన బల్ల ఎలాగూ ఉంటుంది.

ఆఫీసు బల్లలకి ఒక్క చెవితో మూడు సొరుగులకీ పడే సెంట్రల్ లాక్ ఉంటుంది. పక్కనో వెనకో ఓ పొడవాటి కడ్డీ కదిలి అన్నిటినీ పట్టేస్తుంది. ఆఫీసుకి బాగుంటుంది గానీ ఇంటికొద్దు. కత్తెర కోసమో స్టేప్లర్ కోసమో ఎవరో ఒకరు చెవి అడుగుతూనే ఉంటారు, చివరికది ఫ్రిజ్ మీదికి చేరుతుంది. నంబర్లు నొక్కే బ్యాటరీ తాళాలు కూడా వచ్చాయి. చెవి పోతుందన్న బాధ లేదు. కాకపోతే కంపెనీ పెట్టిన నంబరు మార్చకుండా వదిలేస్తే బిగించిన కుర్రాడికి కూడా తెరవడం వచ్చినట్టే. చాలావాటికి అవసరానికని వేరే చెవో, మాస్టర్ నంబరో ఉంటుంది. అదెవరి చేతిలో ఉందో ముందు చూసుకోండి. అయస్కాంతం పెడితే తెరుచుకునే చైల్డ్‌లాక్ సంగతంటారా, అది పాకే పిల్లల్ని ఆపడానికి. పెద్దవాళ్లని ఆపదు.

ఏది కొన్నా, ఇద్దరు హోటల్లో టిఫినూ కాఫీ కానిచ్చే డబ్బుల్లోపే మామూలు రకం వచ్చేస్తుంది. మనల్ని ఆపుతున్నది ఖరీదు కాదు.

ఈ విషయంలో నాకు ఎక్కువ దిగులు అమీర్‌పేట హాస్టళ్ల పిల్లల గురించే. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లోకి వెళ్లి చూడండి. ఒకదాని మీద ఒకటి లేడీస్ హాస్టల్ బోర్డులే. శ్రీకాకుళం నుంచి, కరీంనగర్ నుంచి, అనంతపురం నుంచి కోర్సు నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకుందామని వచ్చిన పిల్లలు. 2019లో హైటెక్ సిటీ దాకా మెట్రో వచ్చాక అక్కడుండి హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకి వెళ్లొచ్చేవాళ్లూ పెరిగారు. గదికి ముగ్గురో నలుగురో. ఆ పిల్లకి ఈ నగరంలో సొంతమంటూ ఉన్నది ఆరడుగుల మంచం, ఓ చిన్న అల్మారా. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు, లాప్‌టాప్, అమ్మ ఇచ్చిన సన్న గొలుసు, నెల ఖర్చు డబ్బు, అన్నీ అందులోనే. సర్టిఫికెట్లు పోతే పోలీసు ఫిర్యాదు, నోటరీ, యూనివర్సిటీ చుట్టూ తిరుగుడు. ఈలోగా వచ్చిన ఉద్యోగం చేజారొచ్చు.

బోర్డుల మీద మాత్రం ఏసీ, వైఫై, వేణ్నీళ్లు, మూడు పూటలా భోజనం అనే ఉంటుంది. తాళం మాట ఉండదు. హాస్టల్లో దింపడానికి వచ్చిన తల్లులు వంటగది చూస్తారు, బాత్రూమ్ చూస్తారు, వార్డెన్ మంచిదేనా అని మొహం చూస్తారు. అల్మారా గొళ్లెం కూడా ఒకసారి చూడండమ్మా. గొళ్లెం స్క్రూలు బయటికే కనిపిస్తుంటే తాళం కప్ప ఎంత పెద్దదైనా వృథా, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. తాళం వేసినప్పుడు ఆ స్క్రూల తలలు గొళ్లెం రేకు కిందికి వెళ్లిపోవాలి. హాస్టలు వాళ్లిచ్చిన తాళం వద్దు, మీ సొంత కప్ప కొనుక్కోండి. అంతకుముందు ఆ గదిలో ఉన్న పిల్ల దగ్గర దాని చెవి ఉండిపోయిందో లేదో ఎవరికి తెలుసు? పాత కప్ప వాడటమంటే దొంగకి తాళంచెవి ఇవ్వడమే కావచ్చు. కట్టే అద్దెలో తాళం పడే సొరుగు ఒకటి భాగంగా ఉండాలని నేనంటాను. ఏసీకంటే ముందు అది.

పెళ్లయ్యాక ఈ పిల్లే రేపు ఇంకో ఇంట్లో అదే సమస్యతో ఉంటుంది. "నీ నగలు ఇలా ఇవ్వమ్మా, జాగ్రత్తగా పెడతాను" అని అత్తగారంటుంది. ప్రేమతోనే అనొచ్చు. స్త్రీధనం పూర్తిగా ఆమెదేననీ, భర్త దగ్గరున్నా అతను దాచిపెట్టేవాడే గానీ హక్కుదారు కాదనీ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఇవ్వనంటే నమ్మకద్రోహం నేరం కింద కేసు కూడా పెట్టొచ్చంది. 2005 గృహహింస చట్టం ప్రకారం స్త్రీధనాన్ని ఆమెకి తిరిగి ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించొచ్చు. ఇదంతా అత్తింటి సంగతి కదా, పుట్టింటివాళ్ల మాటేంటి? 2024 ఆగస్టులో తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతీ తేల్చింది. విడాకులయ్యాక కూతురి నగలు తిరిగిప్పించమని ఒక తండ్రి ఆమె మాజీ అత్తమామల మీద కేసు పెట్టాడు. అవి కూతురివి, ఆమె అనుమతి ఇవ్వకుండా అడిగే హక్కు తండ్రికి కూడా లేదంది కోర్టు. మొగుడిది కాదు, అత్తగారిది కాదు, కన్నతండ్రిది కూడా కాదు. చట్టం ఇంత స్పష్టంగా ఉంది. నగలున్న బీరువా చెవి ఎవరి దగ్గరుందో మీరే చూసుకోండి.

బంగారానికి బ్యాంకు లాకరే మంచిది, కాదనను. బ్యాంకు చెవీ మీ చెవీ రెండూ పడితే గానీ అది తెరుచుకోదు. కానీ డైరీ, ఉత్తరాలు, డాక్టరు చీటీలు, పాసుబుక్కు, పుట్టింట్లో వాటా కాగితాలు... వీటికోసం రోజూ బ్యాంకుకి పరిగెత్తలేం కదా.

తాళం అంటే అనుమానం అనుకునేవాళ్లకి ఒక మాట. తాళం లేని ఇంట్లోనే అనుమానం ఎక్కువ. ఉంగరం కనపడలేదనుకోండి. ముందు ఎవరి మొహం చూస్తారు? పనమ్మాయి మొహం. నాలుగు రోజుల తర్వాత అది స్నానాలగది కిటికీలోనో, దిండు గలీబులోనో దొరుకుతుంది. ఈలోగా ఆ పిల్లని అన్న మాటలు వెనక్కి తీసుకోగలమా? ఒక ఇంట్లో మాట పడితే ఆ అపార్ట్‌మెంట్లో మిగతా నాలుగిళ్ల పనీ పోతుంది ఆమెకి. మన వస్తువు మన తాళంలో ఉంటే ఆమె మీద ఆ నీడ పడదు. పనమ్మాయిని నమ్మకపోవడం వల్ల తాళం వెయ్యాలని కాదు నేననేది, ఆమెని అందరూ సులువుగా అనుమానిస్తారు కాబట్టి వెయ్యాలంటున్నాను.

అన్నట్టు, ఇంట్లో అత్తగారుంటే ఆవిడకీ ఒక సొరుగు చూడండి. పింఛను డబ్బులు, మనవరాలికి ఇద్దామనుకున్న పాతకాలం కమ్మలు, మామగారి ఫోటో... ఆవిడకీ తనవంటూ ఉంటాయి. కొడుకు ఇంట్లో పెట్టె మంచం కిందికి తోసేశాక ముసలావిడ డబ్బు రొండినే దోపుకుని తిరగాల్సి వస్తుంది. ఆవిడ సొరుగు తాళం గట్టిగా తిరిగేది కాకుండా చూడండి, కీళ్లనొప్పుల చేతులకి చిన్న చెవి తిప్పడం కష్టం. చెవికి రంగుదారం కట్టి ఇస్తే ఇంకా మంచిది.

చివరిగా రెండో చెవి సంగతి. తాళంతో రెండు చెవులొస్తాయి. రెండూ ఒకే గుత్తికి వేసుకుంటే ఒక్కసారే పోతాయి. రెండోది ఇంట్లోనే దాస్తే అదెక్కడుందో వారంలో అందరికీ తెలుస్తుంది. పోనీ ఎవరికీ ఇవ్వకుండా ఉందామంటే, ఉన్నట్టుండి ఆసుపత్రిలో చేరాల్సొస్తే ఇన్సూరెన్సు కాగితం ఆ సొరుగులోనే ఉండిపోతుంది. అందుకని ఓ కవర్లో పెట్టి, అంటించి, అంటించినచోట సంతకం చేసి, నమ్మకమైన మనిషికివ్వడం మంచిది. తెరిస్తే తెలిసిపోతుంది కదా. ఆ మనిషి భర్తే కావాలని లేదు, కాకూడదనీ లేదు. అక్కచెల్లెలు కావచ్చు, కాలేజీనాటి స్నేహితురాలు కావచ్చు. ఎవరన్నది మీరు ఎంచుకోవాలి. నాది ఎవరి దగ్గరుందో మాత్రం ఇక్కడ రాయను, మావారు ఈ పేజీ కూడా చదువుతారు.